జన్యు పరిశోధనలో పీహెచ్‌డీ: ఖర్చు ఎక్కడ, సహాయం ఎక్కడ?

మన ఇళ్లలో డాక్టరు చదువు అంటే ఎంబీబీఎస్ ఒక్కటే. ఆ సీటు రాక బీఎస్సీలో చేరిన పిల్లలను చూసి పెద్దలు నిట్టూరుస్తారు. జీవశాస్త్రం మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు ఇంకో డాక్టరేట్ ఉంది. అది మందు రాసేది కాదు, జబ్బు ఎందుకు వస్తుందో వెతికేది.

తలసీమియా సంగతే చూడండి. రక్తదాన శిబిరాలు నడిపేవారికి ఈ పిల్లలు కొత్త కాదు. హిమోగ్లోబిన్ తయారీకి అవసరమైన బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోముపై ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ అందులో లోపాన్ని మోస్తూ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. వారికి పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వస్తే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. అటువంటి నికాహ్ ధర్మసమ్మతమే. అయినా ముందుగా రక్తపరీక్ష చేయించుకోవడానికి అడ్డేమీ లేదు.

ఒకే లోపమున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి నెలనెలా రక్తం కావాలి, మరొకరు చాలాకాలం అది లేకుండానే నెట్టుకొస్తారు. ఎందుకు? పీహెచ్‌డీ అంటే ఇలాంటి ఒక్క ప్రశ్నను పట్టుకుని ఐదేళ్లు, ఒక్కోసారి ఆరేళ్లు కూర్చోవడం. మొదట కోర్సువర్కు, తర్వాత ప్రయోగశాల. డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ చేయడం, కణాలు పెంచడం నేర్చుకోవాలి. ఎక్కువ ప్రయోగాలు విఫలమవుతాయి. నెలల పని చెత్తబుట్టలోకి పోతుంది. మార్కులకు అలవాటుపడిన పిల్లలకు కష్టమయ్యేది ఇదే.

హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రవేశానికి ముఖ్యమైన దారి సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించడం, ఆపై ఇంటర్వ్యూ. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే పరీక్ష రాయవచ్చు. వయోపరిమితిలో అమ్మాయిలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఐసీఎంఆర్, డీబీటీ ఫెలోషిప్‌లు వేరు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది, జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. ఈ రేటు 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా 42,000. హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతుంది, ఆ మాటా చెప్పుకోవాలి. మైనారిటీ పరిశోధకులకు ప్రత్యేకంగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. ఇప్పుడు మన పిల్లలు ఈ సాధారణ పోటీలోనే నిలబడాలి.

అంటే పేద ఇంటికి అసలు గండం పీహెచ్‌డీలో కాదు, దానికి ముందు. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆ తర్వాత నెట్‌కు చదువుకునే ఏడాది. ఆదాయం ఉండదు, వయసు మీద పడుతోందని చుట్టాల మాటలు, అమ్మాయికైతే సంబంధాలు. సొసైటీల సహాయం చాలావరకు పదో తరగతి, ఇంటర్ ఫీజుల దగ్గరే ఆగుతుంది. జకాత్‌కు అర్హులైన విద్యార్థుల్లో కనీసం ఇద్దరు ముగ్గురిని ఈ మూడేళ్లూ నిలబెట్టాలి. హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, దరఖాస్తు ఫీజు చాలు. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది కాబట్టి మొదటిసారి తప్పినా ఆరు నెలలు ఆదుకుంటే మరో అవకాశం దొరుకుతుంది.