వల ఖాళీగా ఎందుకు వస్తుంది?

పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. అయినా నరసరావుపేట, మాచర్ల, గురజాల చేపల అంగళ్లలో చెరువు చేపల పక్కన కవళ్లు, నెత్తళ్లు, చందువలు కనిపిస్తూనే ఉంటాయి. ఒక వారం చౌకగా దొరికిన చేప మరో వారం ప్రియమైతే మనం అమ్మే స్త్రీని నిందిస్తాము. ఆ ధరకు మూలం చాలాసార్లు ఆమె తట్టలో కాక బంగాళాఖాతపు లోతులలో ఉంటుందని పాఠకులకు మనవి చేయదలిచాము.

సముద్రమూ ఒక పొలమే. కంటికి కనబడనంత చిన్న నీటి మొక్కలు అందులోని పైరు. వాటిని సూక్ష్మజీవులు, చిరుచేపలు తింటాయి. చిరుచేపలను పెద్దచేపలు తింటాయి. ఈ పైరుకు వెలుగు పైనుంచి లభిస్తుంది. ఎరువు మాత్రం చల్లని అడుగు నీటిలో ఉంటుంది. గాలులు, ప్రవాహాలు అడుగు నీటిని పైకి తెచ్చినప్పుడే కడలి పండుతుంది. విశాఖ తీరంలో నీరు ఇలా పైకి ఉబకడాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు 1950వ దశకంలోనే పరిశీలించారు.

బంగాళాఖాతానికి ఇక్కడే ఒక చిక్కు ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరులతో పాటు మన మాచర్ల చెంత నాగార్జునసాగర్ దాటి వెళ్లే కృష్ణ వరదనీరు కూడా హంసలదీవి వద్ద ఈ కడలిలోనే కలుస్తుంది. మంచినీరు తేలిక గనుక ఉప్పునీటిపై మూతవలె పరచుకుంటుంది. దానిని చీల్చి అడుగు నీటిని పైకి లాగగల బలం అరేబియా సముద్రపు గాలులకు ఉన్నంతగా ఇక్కడి గాలులకు లేదు. అందువల్ల బంగాళాఖాతంలో ఈ పైరు అరేబియా సముద్రంలో కంటే పలుచన. అలాగని నది శత్రువు కాదు. అది మోసుకొచ్చే ఒండ్రు, నదీముఖంలోని మడ అడవులు రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు ఊయల వంటివి.

తుఫాను ఈ మూతను బలవంతంగా తెరుస్తుంది. 1999 నాటి ఒడిశా పెనుతుఫాను తరువాత సముద్రంలో నీటి మొక్కలు విస్తారంగా పెరిగినట్లు పరిశోధకులు గుర్తించారు. కానీ అటువంటి తుఫానే గూళ్లనూ పడవలనూ ధ్వంసం చేస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను ఆ తీరవాసులు మరువలేరు.

దూరాన ఉన్న పసిఫిక్ మహాసముద్రం వేడెక్కినా ఫలితం మన వరకు వస్తుంది. దానినే ఎల్‌నినో అంటారు. పెరూ దేశంలో 1970లో సుమారు 1.2 కోట్ల టన్నులు దొరికిన నెత్తళ్ల జాతి చేప, మితిమీరిన వేటకు 1972 నాటి ఎల్‌నినో తోడుకాగా, 1973 నాటికి 20 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. కేరళలో 2012లో 3.9 లక్షల టన్నులు పట్టిన నూనె కవళ్లు 2021లో 3,297 టన్నులే దొరికాయి. సముద్రపు మార్పులతో పాటు పిల్లచేపల వేట కూడా ఈ జాతిని దెబ్బతీసిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ పేర్కొంది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుంచి 2015 వరకు సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కింది. పై నీరు ఎంత వేడెక్కితే ఆ మూత అంత బిగుసుకుంటుంది.

గాలిని, ఎండను మనిషి శాసించలేడు. తన చేతిని మాత్రం అదుపు చేసుకోగలడు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఉపగ్రహాలు చూపే నీటి వేడిమిని, పచ్చదనాన్ని బట్టి చేపలుండగల చోట్లను తెలుగులోనూ తెలుపుతోంది. దానివల్ల డీజిలు, కాలం ఆదా అవుతాయి. చేపలు గుడ్లు పెట్టే రోజులను దృష్టిలో ఉంచుకొని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషిద్ధం. ఈ విరామానికి రాష్ట్ర ప్రభుత్వం 2025లో మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల భృతి ఇచ్చింది. రెండు నెలలు సంసారం గడవడానికి అది ఏపాటిదో ఇల్లు నడిపే గృహిణులే చెప్పగలరు.

మరి తీరానికి దూరంగా ఉన్న మన ఇళ్ల బాధ్యత ఏమిటి? వేలెడు కూడా పెరగని చందువ పిల్లలను, వంజరం పిల్లలను చౌక అని కొనకండి. గిరాకీ లేని సరుకు కోసం ఎవరూ వల వేయరు. నెత్తళ్ల వంటివి పుట్టుకతోనే చిన్నవి గనుక వాటి సంగతి వేరు. వేట లేని రోజులలో చెరువు చేపతోనో ఎండు చేపతోనో సరిపెట్టుకోండి. తట్ట దించిన స్త్రీతో పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. ఖాళీ వలల భారం మొదట పడేది ఆమె ఇంటిపైనే.

కడలి మనం విత్తిన పొలం కాదు. అల్లాహ్ మన చేతికిచ్చిన అమానత్. అందులో నేటి మన పళ్లెం భాగంతో పాటు రేపటి పిల్లల భాగమూ ఉంది.