పొట్లకాయకు రాయి, పళ్ళకు తీగ

పొట్లపాదు ఉన్న పెరట్లో మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. పిందె కాస్త పొడుగు సాగగానే పెద్దవాళ్ళు దాని కొసకు దారంతో చిన్న రాయి కడతారు. రాయి కట్టకపోతే కాయ పాములాగా మెలికలు తిరుగుతుంది. కడితే నిటారుగా దిగుతుంది. అయితే ఆ రాయి చిన్నదిగానే ఉండాలి. తొందర కొద్దీ పెద్ద రాయి కడితే వంకర తీరదు సరిగదా, కాయ తొడిమ ఊడి కింద పడుతుంది.

వంకర పళ్ళకు డాక్టర్లు కట్టే తీగ కూడా ఇట్లాగే పనిచేస్తుంది.

మీ తరగతిలో ఎవరికో ఒకరికి పళ్ళమీద చిన్న చిన్న బిళ్ళలూ, వాటి మీదుగా పోయే సన్నని తీగా ఉండే ఉంటాయి. వాటిని మనం క్లిప్పులంటాం. డాక్టర్లు బ్రేసెస్ అంటారు. అవి మీకే ఉంటే ఈ వ్యాసం మరింత శ్రద్ధగా చదవండి. ఎందుకంటే, ఈ వైద్యంలో సగం పని డాక్టరుది, మిగతా సగం మీది.

వంకర ఎట్లా వస్తుంది?

మనకు మొదట 20 పాలపళ్ళు వస్తాయి. సుమారు ఆరో ఏట నుంచి అవి ఊడుతూ, శాశ్వతమైన పళ్ళు వస్తాయి. జ్ఞానదంతాలతో కలిపి ఇవి 32. కొందరికి దవడ చిన్నది, పళ్ళు పెద్దవి. నలుగురు కూచునే బల్లమీద ఆరుగురు కూచుంటే ఏమవుతుంది? ఒకరు ముందుకు జరుగుతారు, ఒకరు వెనక్కు పోతారు, ఇంకొకరు పక్కవాడి మీద ఎక్కుతారు. పళ్ళు కూడా అంతే చేస్తాయి.

ఇది చాలామందికి తల్లిదండ్రుల పోలికతో వచ్చేదే. కాని మన చేతుల్లో ఉన్న కారణాలు కూడా కొన్ని ఉన్నాయి. పెద్దయ్యాక కూడా బొటనవేలు చప్పరించే పిల్లలకు ముందుపళ్ళు ఎత్తుగా రావచ్చు. పాలపన్ను పుచ్చి ముందుగానే తీసెయ్యవలసి వస్తే, పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తరవాత రావలసిన పంటికి చోటుండదు. "ఎట్లాగూ ఊడిపోయే పళ్ళే గదా" అని పాలపళ్ళను నిర్లక్ష్యం చెయ్యటం అందుకే తప్పు.

పన్ను కాస్త వంకరగా ఉంటే అది జబ్బేమీ కాదు. అందరికీ తీగ అవసరం లేదు. కాని పన్ను మీద పన్ను ఎక్కి ఉంటే బ్రష్షు అందదు, అక్కడ పుచ్చుతుంది. ముందుపళ్ళు మరీ ఎత్తుగా ఉంటే ఆటలో పడినప్పుడు అవే ముందు విరుగుతాయి. పై వరసా కింది వరసా కలవకపోతే నమలటం కష్టం. నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లవాడి బాధ కూడా చిన్నదేమీ కాదు.

రాయిలాంటి ఎముకలో పన్ను ఎట్లా కదులుతుంది?

పన్ను దవడలో గోడలో కొట్టిన మేకులాగా బిగిసిపోయి ఉంటుందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు మిల్లీమీటరులో ఐదోవంతు. పన్ను ఈ పొరలో ఊయలలాగా వేలాడుతూ ఉంటుంది.

తీగ పన్నును మెల్లిగా నెట్టినప్పుడు, ఒక పక్క ఈ పొర నలుగుతుంది, రెండో పక్క సాగుతుంది. నలిగిన పక్క ఎముకను కరిగించే కణాలు పని మొదలుపెడతాయి. సాగిన పక్క కొత్త ఎముకను కట్టే కణాలు చేరుతాయి. ముందు దారి తవ్వేవాళ్ళు కొందరు, వెనక గుంట పూడ్చేవాళ్ళు కొందరు! ఇద్దరూ మన శరీరంలోని పనివాళ్ళే. అంటే తీగ చేసేది కబురు చెప్పటమే. పన్నును జరిపేది మన ఎముకే.

ఈ పనివాళ్ళు నిదానస్తులు. పన్ను మహా అయితే నెలకు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అందుకే వైద్యానికి ఏడాదిన్నర, రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. గట్టిగా బిగిస్తే త్వరగా అయిపోతుందా? కాదు. గట్టిగా నొక్కితే ఆ పొరలో నెత్తురు ఆడదు, కణాలు చచ్చి పని ఆగుతుంది, వేరు కొస కూడా అరిగిపోవచ్చు. పొట్లకాయకు పెద్ద రాయి కట్టినట్టే అవుతుంది.

వేలినుంచి తీగ దాకా

ఈ ఆలోచన కొత్తది కాదు. సుమారు 2,000 ఏళ్ళ కిందట రోములో సెల్సస్ అనే రచయిత, పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వస్తే పాలపన్నును తీసేసి, కొత్తదాన్ని సరైన చోటికి వచ్చేదాకా రోజూ వేలితో నొక్కమని రాశాడు. 1728లో పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు, లాడం ఆకారంలో ఉన్న లోహపు పట్టీకి పళ్ళను దారాలతో కట్టే పద్ధతిని తన పుస్తకంలో వివరించాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ అనే ఆయన ఈ విద్యను ఒక శాస్త్రంగా తీర్చిదిద్దాడు. 1928లో ఆయన ప్రకటించిన బిళ్ళల పద్ధతినుంచే ఈనాటి తీగలు చాలావరకు వచ్చాయి.

అప్పట్లో ప్రతి పంటికీ చుట్టూ ఒక లోహపు పట్టీ తొడగవలసి వచ్చేది. 1955లో మైకేల్ బోనొకోర్ అనే దంతవైద్యుడు, పంటి పైపొరను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే దానికి జిగురు గట్టిగా పట్టుతుందని కనుక్కున్నాడు. తరవాత బిళ్ళలను నేరుగా పంటికి అంటించటం సాధ్యమైంది. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో పుట్టిన నికెల్, టైటానియంల మిశ్రలోహం 1970 తరవాత ఈ వైద్యంలోకి వచ్చింది. ఆ తీగను వంచి కట్టినా మెల్లిగా తన మొదటి ఆకారానికి వస్తుంది. వస్తూ పన్నును కూడా తనతో తెస్తుంది. ఇదే మన చిన్న రాయి!

మీ సగం పని

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక కోడిగుడ్డును వెనిగరులో పూర్తిగా ముణిగేటట్టు వేసి ఒకరోజు ఉంచండి. బుడగలు వస్తాయి, పెంకు కరిగి మెత్తబడుతుంది. పంటి పైన ఉండే ఎనామెల్ పొర గుడ్డు పెంకు కన్నా ఎంతో గట్టిది, వేరే పదార్థం. కాని దానికి కూడా పులుపే శత్రువు.

ఆ పులుపు ఎక్కడినుంచి వస్తుంది? మన నోట్లోనే తయారవుతుంది. గోటితో పంటిని చిగురు దగ్గర మెల్లిగా గీకితే తెల్లని పాచి వస్తుంది. అందులో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. మనం తిన్న తీపిని అవి కూడా తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాలను లాగేస్తుంది. లాలాజలం వాటిని మళ్ళీ కొంత చేరుస్తుంది. అయితే దానికి వ్యవధి కావాలి. మాటిమాటికీ ఏదో ఒకటి తింటూ ఉంటే ఆ వ్యవధి దొరకదు.

బిళ్ళల చుట్టూ పాచి దాక్కోవటం చాలా సులభం. శుభ్రం చెయ్యకపోతే ఒక్క నెలలోనే నష్టం మొదలు కావచ్చు. గోడకున్న పాత కాలెండరు తీసేస్తే దాని వెనక చదరం ఒక రంగులో, చుట్టూ గోడ ఇంకో రంగులో కనిపిస్తుంది గదా? శ్రద్ధ లేనివాళ్ళ పళ్ళు కూడా బిళ్ళలు తీశాక అట్లాగే కనిపిస్తాయి: మధ్యలో శుభ్రమైన చదరం, చుట్టూ సుద్దలాంటి తెల్లమచ్చ. రెండేళ్ళు ఓపిక పట్టి, పళ్ళు వరసగా వచ్చి, ఆ పళ్ళమీదే మచ్చలుంటే ఎంత విచారం! ఎనామెల్ పోతే మళ్ళీ పెరగదు. డాక్టరు ఎంత నేర్పరి అయినా రోజూ మీ ఇంటికి వచ్చి మీ పళ్ళు తోమలేడు.

అందుచేత ఇట్లా చెయ్యండి. మెత్తని బ్రష్షు తీసుకుని అద్దం ముందు నిలబడండి. బిళ్ళ పైభాగాన్ని బ్రష్షు ఏటవాలుగా పట్టి తోమండి. తరవాత కింది భాగాన్ని. తరవాత బిళ్ళ మీద. చిగురు అంచునూ, లోపలి వైపునూ, నమిలే వైపునూ మరవకండి. తీగ కింద దూరటానికి సీసాలు కడిగే బ్రష్షు లాంటి బుల్లి బ్రష్షులు దొరుకుతాయి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయేముందు ఒకసారి తప్పనిసరి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది గనక రాత్రిదే ముఖ్యం. ఏమి తిన్నా వెంటనే నీళ్ళు పుక్కిలించాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఎనామెల్‌కు బలం. వాడి ఉమ్మెయ్యాలి గాని మింగకూడదు. నల్గొండ ప్రాంతంలో లాగా బావినీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళవాళ్ళు పేస్టు సంగతి డాక్టరునే అడగాలి. తీగ ఉన్నంతకాలం పందుంపుల్లకు సెలవు చెప్పండి. అది బిళ్ళల సందుల్లోకి పోదు, వాటిని ఊడగొట్టినా ఊడగొడుతుంది.

ఏమి తినాలి?

తీగ వేసిన మొదటి మూడు నాలుగు రోజులు పళ్ళు సలుపుతాయి. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం హాయిగా తినవచ్చు. బిళ్ళలు పెదవికి ఒరుసుకుంటే డాక్టరిచ్చే మైనం వాటిమీద అద్దండి.

చెరుకుగడ నమలటం, జంతికలు కొరకటం, వేరుశనగ ఉండలు, జీళ్ళు, ఎండుకొబ్బరి, ఐసు గడ్డలు - ఇవన్నీ కొంతకాలం మానాలి. గట్టివి బిళ్ళలను ఊడగొడతాయి. జిగురువి పట్టుకు వదలవు. జామకాయ సన్నగా కోసుకుని, మొక్కజొన్న గింజలు వలుచుకుని తినవచ్చు. మామిడిటెంక చీకితే పీచు తీగలో చిక్కుకుంటుంది. రసం పిండుకుని తాగండి. కూల్‌డ్రింకుల్లో తీపీ పులుపూ రెండూ ఉన్నాయి గనక వాటి జోలికి పోకండి. పసుపు వేసిన కూరలు తింటే బిళ్ళలకు చుట్టిన రబ్బరు పచ్చబడుతుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు, భయపడకండి.

బిళ్ళ ఊడితే దాచి డాక్టరుకు చూపించండి. మింగితే వెంటనే ఆయనకు చెప్పండి. దగ్గూ ఆయాసమూ వస్తే క్షణం ఆలస్యం చెయ్యక ఆస్పత్రికి పోవాలి. ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి: ఎవరో చెప్పారనో, ఫోనులో చూశామనో సొంతంగా పళ్ళకు రబ్బరుబ్యాండు తగిలించుకోకూడదు. అది చిగుళ్ళలోకి జారి వేరు పొడుగునా పాకి, మంచి పన్నునే ఊడేట్టు చేస్తుంది.

తీగ తీశాక

తీగ తీసిన రోజున పండగ చేసుకోవచ్చు. కాని పని ఇంకా కాస్త ఉంది. గుంజను పీకి కొత్త చోట పాతితే చుట్టూ మట్టి గట్టిపడేదాకా దానికి ఆసరా ఉండాలి గదా? పళ్ళు కూడా పాత చోటికే పోవాలని చూస్తాయి. వాటిని నిలిపేందుకు డాక్టరు రిటెయినరు అనే పరికరం ఇస్తాడు. దాన్ని చెప్పినన్నాళ్ళూ పెట్టుకోవాలి. భోజనానికి తీసి కాగితంలో చుట్టిపెడితే చెత్తలో పోతుంది, డబ్బాలోనే పెట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు ఏడేళ్ళ ప్రాంతంలో ఒకసారి పళ్ళ వరస చూపించటం మంచిది. అప్పుడే తీగ వెయ్యాలని కాదు. వెయ్యవలసి ఉంటే ఎప్పుడో తెలుస్తుంది. దంతవైద్యం చదివాక పళ్ళ వరసలు దిద్దటంలోనే మరి మూడేళ్ళు చదివిన నిపుణులున్నారు. వాళ్ళ దగ్గరికే తీసుకుపోండి.

ఇక పిల్లలూ, మీ స్నేహితుడికి తీగ ఉంటే అతన్ని ఏ పేరూ పెట్టి వెక్కిరించకండి. అతని దవడలో చిన్న పనివాళ్ళు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నారు. తీగ మీకే ఉంటే ఈ రాత్రి పడుకోబోయేముందు అద్దం దగ్గరికి పోయి, మీ సగం పని మీరు చెయ్యండి.