నూనె మరమ్మతు పిమ్మట ఇంజనును నడుపుట

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము నాటినుండి గ్రామ పంచాయతీలకు సొంత ట్రాక్టర్లు సమకూడినవి. చెత్త తరలించుట, ట్యాంకరుతో మొక్కలకు నీరు పోయుట మున్నగు పనులు ఆ ఒక్క ఇంజను మీద ఆధారపడియున్నవి. పంచాయతీ సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. కాని మరమ్మతు బిల్లును ఆమోదించువారు వారే గనుక, నూనె పంపును విప్పి బిగించిన దినమున షెడ్డు వద్ద ఏమి జరుగవలెనో వారెరిగియుండుట మంచిది.

ఇంజనులోని క్రాంక్ షాఫ్టు పని వేళ నిమిషమునకు ఇంచుమించు రెండువేల సార్లు తిరుగును. దానిని బేరింగునకు తగులనీయక కాపాడునది వెంట్రుక కంటె పలుచనైన నూనెపొర మాత్రమే. చాంబరు దింపి పంపును విప్పినపుడు, లోపలి దారులలోని నూనె కారిపోయి అచ్చట గాలి చేరును. పొడిగానున్న పంపు గాలినే త్రిప్పునుగాని నూనెను పైకి లాగజాలదు. ఎండిన చేతిపంపులో చెంబెడు నీరు పోసి కొట్టినగాని అది నీటినందుకొనదు, ఇదియు అట్టిదే.

ఒక గ్రామమున నేను చూచిన సంగతి. పంపు మార్చిరి, ప్రొద్దు గ్రుంకుచున్నదని వెంటనే స్టార్టు చేసి ఆక్సిలరేటరు త్రొక్కిరి. గేజి ముల్లు కదలలేదు. గేజియే చెడినదని డ్రైవరు తలచెను. కొలది నిమిషములలో లోపలినుండి కొట్టుకొను చప్పుడు వినవచ్చెను. బేరింగులు అరిగి, షాఫ్టును గ్రైండింగుకు పంపవలసివచ్చినది. రెండవ బిల్లు మొదటిదానికి ఎన్నో రెట్లు; ఆ వేసవిలో రెండు వారములు ట్యాంకరు కదలనే లేదు.

కావున పంపును బిగించుటకు ముందే దాని పళ్లచక్రములను శుభ్రమైన ఇంజన్ ఆయిలుతో నింపి చేతితో త్రిప్పవలెను. గట్టి గ్రీజు కూరరాదు. అది సన్నని దారులకు అడ్డుపడవచ్చును. ఫిల్టరు నోరు పైకుండునట్లు బిగించునదైనచో దానిని కూడ నూనెతో నింపి, రబ్బరు వలయమునకు నూనె పూయవలెను. తయారీదారుని పుస్తకములో చెప్పిన రకము ఆయిలునే డిప్‌స్టిక్కుపై గుర్తువరకు పోయవలెను. చౌకగా దొరికినదని వేరొకటి పోయుట పొదుపు కాదు.

తరువాతిదే అన్నిటికంటె ముఖ్యము. ఇంజను అంటుకొనకుండ సెల్ఫ్‌తో త్రిప్పవలెను. డీజిలు ఇంజనునకు స్టాప్ తీగను లాగియుంచిన చాలును. పెట్రోలు కారైనచో నిప్పురవ్వను, ఇంధనమును రెంటిని ఆపవలెను. నిప్పురవ్వను మాత్రమే ఆపినచో మండని పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేయును. ఒక్కొక్కమారు పది సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ ఒక నిమిషము విరామమీయనిచో సెల్ఫ్ మోటారు వేడెక్కి కాలును, బ్యాటరీ దిగును. గేజి ముల్లు లేచువరకు, లేదా ఎర్ర దీపము ఆరువరకు ఇట్లు చేయవలెను. అయిదారు మారులకును ఫలితము లేనిచో స్టార్టు చేయుట మాట మరచి, పంపును మరల చూడవలెను. టర్బో గల ఇంజనైనచో దాని నూనె గొట్టమును విప్పి, అందులో కొంచెము ఆయిలు పోసి బిగించుట అవసరము.

ముల్లు లేచిన పిదపనే స్టాప్ వదలి స్టార్టు చేయవలెను. ఆక్సిలరేటరు ముట్టరాదు. పది సెకండ్లలో ఒత్తిడి కానరానిచో వెంటనే ఆపివేయవలెను. గేజిపై అనుమానమున్నచో, వేరొక గేజి తగిలించి చూచువరకు ఇంజనును నడుపరాదు. ఒత్తిడి కనిపించినచో రెండు మూడు నిమిషములు నెమ్మదిగా నడిపించి, ఫిల్టరు వద్దను చాంబరు అంచులందును నూనె కారుచున్నదేమో చూడవలెను.

పిమ్మట ఇంజనును ఆపి, పది నిమిషములు ఆగి డిప్‌స్టిక్కు తీసినచో మట్టము తగ్గియుండుట సహజము. ఫిల్టరును, దారులును నిండుటకు ఆ నూనె పట్టినది. తగ్గినంత పోయించి, పోసిన ఆయిలు లెక్కను, గంటల మీటరు అంకెను లాగ్ పుస్తకమున వ్రాయించిన తరువాత మెకానిక్కు కూలి చెల్లింపవచ్చును.