ఈస్ట్ కణంలో డోఏ4 ఎంజైమ్ – యూబిక్విటిన్ పునర్వినియోగం

1. ఉపోద్ఘాతం

కణంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో మీరు ఇంతకుముందే చదువుకున్నారు. పని ముగిసిన ప్రోటీన్లను, లోపాలున్న ప్రోటీన్లను కణం ఎలా వదిలించుకుంటుంది? వాటికి యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలిస్తుంది. ఆ గుర్తును విడదీసే ఎంజైమ్‌లు కూడా కణంలో ఉంటాయి. రొట్టెల తయారీలో వాడే ఈస్ట్ (శాకరోమైసిస్ సెరివిసియే)లో ఇటువంటివి దాదాపు 20 ఉన్నాయి. వాటిలో డోఏ4 ఒకటి.

నాశనానికి వేసిన గుర్తును తీసేస్తే ప్రోటీన్ బతికిపోవాలని మీకు అనిపించవచ్చు. డోఏ4 విషయంలో జరిగేది వేరు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

2. గుర్తు తగిలించడం

యూబిక్విటిన్‌లో 76 అమైనో ఆమ్లాలుంటాయి. దాని చివరి గ్లైసిన్, లక్ష్య ప్రోటీన్‌లోని లైసిన్ పక్కశృంఖలంతో ఐసోపెప్టైడ్ బంధం ఏర్పరుస్తుంది. ఈ పనిలో మూడు రకాల ఎంజైమ్‌లు పాల్గొంటాయి. ఇ1 ఏ.టి.పి. శక్తితో యూబిక్విటిన్‌ను ఉత్తేజపరుస్తుంది, ఇ2 దాన్ని అందుకుంటుంది, ఇ3 లక్ష్యాన్ని ఎంచుకుంటుంది.

యూబిక్విటిన్‌లోనూ ఏడు లైసిన్‌లున్నాయి. అందువల్ల ఒకదానికొకటి తగులుకొని గొలుసు కట్టగలవు. 48వ లైసిన్ ద్వారా ఏర్పడిన గొలుసున్న ప్రోటీన్లు సాధారణంగా ప్రోటియాసోమ్‌లో ముక్కలవుతాయి. ప్లాస్మా త్వచంలోని ప్రోటీన్లకు తగిలిన యూబిక్విటిన్ వాటిని రిక్తికకు చేరుస్తుంది. యూబిక్విటిన్ ద్వారా ప్రోటీన్ల విచ్ఛిన్నం జరుగుతుందని కనుగొన్నందుకు సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

3. ఒక వింత ఫలితం

ఈస్ట్‌లో ఆల్ఫా2 అనే నియంత్రక ప్రోటీన్ కొద్ది నిమిషాల్లోనే నశిస్తుంది. దాని విచ్ఛిన్నం మందగించిన ఉత్పరివర్తకాలను ఎంపిక చేసి, వాటిలో దెబ్బతిన్న జన్యువులకు ‘డోఏ’ అని పేరు పెట్టారు. ‘ఆల్ఫా2 విచ్ఛిన్నం’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల నుంచి వచ్చిన పేరిది. 1993లో పాపా, హోక్‌స్ట్రాసర్‌లు డోఏ4 జన్యువు యూబిక్విటిన్‌ను విడదీసే ఎంజైమ్‌నే తయారుచేస్తుందని చూపారు. ఆ ఎంజైమ్ క్రియాస్థానంలోని సిస్టీన్‌ను మార్చితే జన్యువును పూర్తిగా తొలగించినట్లే అయింది. అంటే కోసే శక్తే ఇక్కడ కీలకం.

చిక్కు ఇక్కడే ఉంది. గుర్తును తీసే ఎంజైమ్ లేకపోతే విచ్ఛిన్నం వేగం పెరగాలి. కానీ తగ్గింది!

4. వివరణ

ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని ఊహించుకోండి. బస్తాలు మిల్లుకు వెళతాయి. ధాన్యం కుమ్మరించాక ఖాళీ గోనె సంచులు తిరిగి రావాలి. సంచులనూ ధాన్యంతోపాటు మరలో వేసేస్తే ఏమవుతుంది? మర్నాటికి లారీ ఉంటుంది, ధాన్యం ఉంటుంది, సంచులే ఉండవు, తూకం ఆగిపోతుంది. అయితే సంచి ధాన్యాన్ని తనలో ఇముడ్చుకుంటుంది, యూబిక్విటిన్ మాత్రం ప్రోటీన్‌కు బయట తగిలి ఉంటుంది. పోలికను అంతవరకే తీసుకోండి.

కణంలో జరిగేది ఇదీ. గుర్తు తగిలిన త్వచ ప్రోటీన్ ఎండోసోమ్‌ను చేరుతుంది. ఎండోసోమ్ త్వచం లోపలికి ముడుచుకొని చిన్న కోశికలు ఏర్పడతాయి. బ్రో1 అనే ప్రోటీన్ డోఏ4ను అక్కడికి రప్పిస్తుంది. కోశిక మూసుకొనేలోపు డోఏ4 యూబిక్విటిన్‌ను కోసి కణద్రవ్యంలోకి వదులుతుంది. ప్రోటీన్ మాత్రం కోశికతోపాటు రిక్తికకు చేరి నశిస్తుంది. అంటే గుర్తు తన పని పూర్తిచేశాకే తొలగుతోంది. అందుకే ప్రోటీన్ బతకదు.

5. నిదర్శనాలు

స్వామినాథన్, అమెరిక్, హోక్‌స్ట్రాసర్‌లు 1999లో ప్రచురించిన ఫలితాలను వరుసగా గమనించండి.

(అ) డోఏ4 లేని కణాలలో యూబిక్విటిన్ మామూలు కన్నా చాలా వేగంగా నశిస్తుంది. ముఖ్యంగా పెరుగుదల ఆగే స్థిరదశకు చేరేటప్పుడు దాని నిల్వ బాగా పడిపోతుంది. తరువాత కణాలు చనిపోతాయి.
(ఆ) రిక్తికలోని విచ్ఛిన్నాన్ని, లేదా ఎండోసైటోసిస్‌ను ఆపితే ఈ నష్టం కొంతవరకు తగ్గుతుంది. ప్రోటియాసోమ్‌లో ఉత్పరివర్తనం ఉన్నా అంతే. కాబట్టి యూబిక్విటిన్ రెండు దారులలోనూ పోతోంది.
(ఇ) అదనంగా యూబిక్విటిన్ అందిస్తే కణాలు బతుకుతాయి, మరికొన్ని లోపాలూ సరిదిద్దుకుంటాయి.

మూడవ ఫలితాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఎంజైమ్ ఇంకా లేదు. అయినా కణం బతికింది. కాబట్టి ఆ లోపాలకు మూలం యూబిక్విటిన్ కొరతే.

6. ప్రాధాన్యం

ప్రోటియాసోమ్ వద్ద యూబీపీ6 అనే మరో ఎంజైమ్ కూడా యూబిక్విటిన్‌ను కాపాడుతుంది. క్షీరదాలలో దీనికి సాటి యూఎస్‌పీ14. ఈ జన్యువు దెబ్బతిన్న ఒక రకం ఎలుకలలో యూబిక్విటిన్ తగ్గి, వణుకు, కదలికల లోపాలు కనిపిస్తాయి. ఈస్ట్‌లో నేర్చుకున్న సూత్రం నాడీకణాల దాకా వర్తిస్తుందన్నమాట.

7. సారాంశం

యూబిక్విటిన్ తొలగింపు ఎప్పుడూ విచ్ఛిన్నానికి వ్యతిరేక చర్య కాదు. ఏ దశలో తొలగించారన్నదే ముఖ్యం. ముందే తీసేస్తే ప్రోటీన్ బతుకుతుంది. చివరి దశలో తీస్తే ప్రోటీన్ నశిస్తుంది, యూబిక్విటిన్ మిగులుతుంది. డోఏ4 చేసేది రెండవ పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డోఏ4 లేనప్పుడు ఆల్ఫా2 విచ్ఛిన్నం ఎందుకు మందగిస్తుంది?
2. అదనపు యూబిక్విటిన్ ఇచ్చిన ప్రయోగం దేనిని నిరూపిస్తుంది?
3. కోశిక మూసుకున్న తరువాత డోఏ4 వచ్చిందనుకోండి. యూబిక్విటిన్ ఏమవుతుంది? కారణం రాయండి.