కంటిలో పువ్వు కాదు, వంశపు మసక

పిల్లలు ఎండకు కళ్ళు విప్పలేకపోతున్నారా? నల్లబల్ల మీది అక్షరాలు మసకగా ఉన్నాయంటున్నారా? పువ్వనుకొని పసరు పోయకండి. కంటి డాక్టరుకు చూపించండి. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొరను కార్నియా అంటారు. మాక్యులర్ డిస్ట్రఫీ అనే జబ్బులో అది రెండు కళ్ళలోనూ క్రమంగా తెల్లబారి, 20, 30 ఏళ్ళకే చూపు బాగా తగ్గుతుంది.

ఇందుకు కోడలిని నిందించకండి. జన్యులోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ ఈ జన్యులోపం దాగి ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం ఉంటుంది. కనుక తోబుట్టువులకూ పరీక్ష చేయించండి.

చుక్కల మందు ఈ మసకను పోగొట్టదు. ముదిరితే కార్నియా మార్పిడే మార్గం; చాలామందికి చూపు తిరిగి వస్తుంది. ఆ పొర మరణించినవారి కంటి నుంచే రావాలి. మీ ఇంట ఎవరైనా కన్నుమూస్తే 6 గంటల్లోగా ఐ బ్యాంకుకు కబురు చేయండి.