ఏడు పేర్లు, ఒక్క ఏరు

మన్ననూర్ చెక్‌పోస్టు దాటి శ్రీశైలం వెళ్లేవాళ్లలో చాలామందికి రెండు నమ్మకాలున్నాయి. పాతాళగంగ కృష్ణతో సంబంధం లేని వేరే గంగ, భూగర్భంలోంచి పుట్టింది అన్నది ఒకటి. సోమశిలకు ఆవలి ఒడ్డున సంగమేశ్వరంలో ఏడు నదులు వచ్చి కలుస్తాయన్నది రెండోది. రెంటిలోనూ పొరపాటు ఒకటే, పేర్లు లెక్కపెట్టి నదులు లెక్కపెట్టామనుకోవడం. మొదటిది తేల్చడం తేలిక. పాతాళగంగ మెట్లు దిగి మునిగేది మహాబలేశ్వరంలో పుట్టి, జూరాల దాటి వచ్చిన కృష్ణలోనే. నల్లమలను కోసుకుంటూ లోయలో పారే ఏరు కొండమీద నిలబడి చూసేవాళ్లకు పాతాళంలోనే కనిపిస్తుంది. ఇక గంగ అంటారా, మన ఊళ్లలో బోరులో నీళ్లు ఎగదన్నినా గంగమ్మ వచ్చిందనే అంటాం.

రెండోదాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అని స్థలపురాణం చెప్పే ఏడు పేర్లూ నిజమైన నదులవే. కానీ పటం మీద వేలుపెట్టి చూడండి. వేణి అనే వెణ్ణ సతారా దగ్గర మాహులిలోనే కృష్ణలో కలిసిపోయింది. మలాపహారిణి అంటే మలప్రభ, అది కూడలసంగమంలో కలుస్తుంది. భీమరథి అంటే మన భీమ, నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కలుస్తుంది. తుంగా భద్రా శివమొగ్గ జిల్లా కూడ్లిలోనే ఒక్కటై, తుంగభద్రగా అలంపురం దాటి కృష్ణను చేరతాయి. నిజంగా సంగమేశ్వరానికే వచ్చి కలిసేది నల్లమలలో పుట్టిన చిన్న భవనాశి ఒక్కటే.

పూర్వం అన్నీ అక్కడే కలిసేవేమో, తర్వాత దారి మార్చుకున్నాయేమో అనేవాళ్లున్నారు. 12వ శతాబ్దపు బసవేశ్వరుడి వచనాల అంకితమే కూడలసంగమదేవుడు, అంటే మలప్రభ సంగమం అప్పటికే అక్కడుంది. మరి పురాణం అబద్ధమా? కాదు, క్రియాపదం దగ్గరే తేడా వచ్చింది. భవనాశి తప్ప మిగతా నదులు అక్కడ కలవవు, కలిసి వస్తాయి. ఆఫ్రికాలోనూ ఈ పేర్ల చిక్కే వచ్చింది. కాంగో నది ఎగువ భాగాన్ని లువాలాబా అంటారు. అది ఉత్తరం వైపు పారడంతో అన్వేషకుడు లివింగ్‌స్టన్ దాన్ని నైలు అనుకున్నాడు. మరో అన్వేషకుడు స్టాన్లీ దాని వెంబడే అట్లాంటిక్ దాకా వెళ్లి, 1877లో అది కాంగోయేనని తేల్చాడు. సముద్రం దగ్గర స్థానికులు ఏరు అన్న అర్థంలో అన్న 'న్‌జాది'ని పోర్చుగీసువాళ్లు జైర్‌గా విన్నారు, 1971లో ఆ పేరు ఏకంగా దేశానికే పెట్టారు.

భవనాశి కలిసే చోటును కళ్లారా చూడాలంటే మాత్రం నీళ్లు తగ్గేదాకా ఆగాలి. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండితే సంగమేశ్వరంలో వేపకర్ర లింగం ఉన్న గుడి కూడా మునిగే ఉంటుంది, అసలైన ఆ ఒక్క సంగమమూ కనపడదు.