అంగారకుడి మీద తులసికోట



నవల కొనేటప్పుడు మనం మొదట చూసేది అట్టమీది బొమ్మనే గదా! కుటుంబ కథ అయితే బొమ్మ వేసేవారికి పెద్ద చిక్కు లేదు. ఒక అమ్మాయి, ఒక కిటికీ, వాకిట్లో ఓ ముగ్గు వుంటే చాలు. సైన్సు నవలకు అలా కాదు. మనుషులెవరూ కాలుపెట్టని చోటును, వెళ్ళి చూసి వచ్చినట్టుగా చూపించాలి. అందుకని చాలామంది వేర్వేరు ఫోటోలు కలిపి ఒకే బొమ్మగా అతుకుతారు. ఆ అతుకు ఎలా వేస్తారో, అది తెలిస్తే మనకేమిటి లాభమో ఈవేళ చెప్పుకుందాం.

ఇదేదో కంప్యూటరుతో పుట్టిన విద్య అనుకోకండి. 1857లోనే ఇంగ్లండులో రైలాండర్ అనే ఫోటోగ్రాఫరు ముప్పైకి పైగా నెగటివులు కలిపి ఒకే చిత్రం తయారుచేశాడు. విక్టోరియా రాణి దాని ప్రతి ఒకటి కొనుక్కుంది కూడాను. ఇక మన 1957 నాటి 'మాయాబజార్' సంగతి చెప్పనే అక్కరలేదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్ళిపోతూంటే, అది మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన గారడీ అని ఎవరికి గుర్తుంటుంది? 1990లో నోల్ సోదరుల ఫోటోషాప్ బజారులోకి వచ్చాక చీకటిగదిలో చేసే పని బల్ల మీదికి వచ్చింది. డబ్బు పెట్టలేనివారికి జింప్ అనే ఉచిత ప్రోగ్రాము వుంది.

ఇప్పుడొక నవల వుందనుకోండి. కథానాయిక అంగారక గ్రహం మీద, గాజు గుమ్మటం కింద కాపురం వుంటోంది. సాయంత్రంవేళ చెంబుతో తులసికోటకు నీళ్ళు పోస్తోంది. అదే అట్టమీది బొమ్మ. దీనికి రెండు ఫోటోలు చాలు. ఒకటి పెరట్లో తులసికోట దగ్గర నిలబడిన మనిషిది. రెండోది అంగారకుడి నేల. అది ఊహించి వెయ్యనక్కరలేదు. అమెరికావారి క్యూరియాసిటీ రోవరు 2012లో అక్కడ దిగి బోలెడు ఫోటోలు పంపింది. నాసా వాటిని అందరికీ అందుబాటులో పెట్టింది. సాధారణంగా వాటికి కాపీరైటు అడ్డు వుండదు గాని, ఎవరి ఫోటోయో పేరు వెయ్యడం మర్యాద.

అతుకులో మొదట చూసుకోవలసింది వెలుగు. నేల ఫోటోలో రాళ్ళ నీడలు కుడివైపు పడుతున్నాయంటే సూర్యుడు ఎడమవైపు వున్నాడన్నమాట. మన పెరటి ఫోటోలో కూడా ఎండ ఎడమనుంచే, అంతే ఏటవాలుగా పడాలి. మిట్టమధ్యాహ్నం తీసిన మనిషిని సాయంత్రపు నేలమీద నిలబెడితే, ఎంత నేర్పుగా కత్తిరించినా, అరువు నగలాగా ఎక్కడో తేడా తెలిసిపోతుంది.

రెండోది కెమెరా ఎత్తు. రోవరు మీది కెమెరాలు నేలకు సుమారు రెండు మీటర్ల ఎత్తున వున్నాయి. నేల చదునుగా వుంటే, ఆ ఫోటోలో నేలా ఆకాశమూ కలిసే గీత సరిగ్గా రెండు మీటర్ల ఎత్తును చూపిస్తుంది. కనుక అయిదడుగుల మనిషి తల ఆ గీతకు కాస్త కిందనే వుండాలి. గీత ఆవిడ నడుము దగ్గరికి వచ్చిందంటే చూసేవాళ్ళకు పదడుగుల తాటకి కనిపిస్తుంది! పెరట్లో ఫోటో తీసేవారు చిన్న స్టూలెక్కి, కెమెరాను ఆ ఎత్తునే పట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

మూడోది నీడ, రంగు. పాదాల దగ్గర, చీర కుచ్చెళ్ళ అంచున నీడ వెయ్యకపోతే మనిషి గాలిలో తేలుతున్నట్టు వుంటుంది. ఇక రంగంటారా, అక్కడ పగటి ఆకాశం దుమ్ము వల్ల ఎర్రమట్టి ఛాయలో వుంటుంది. సాయంత్రం మాత్రం తమాషాగా అస్తమిస్తున్న సూర్యుడి చుట్టూ నీలిరంగు కనిపిస్తుంది. ఆ సన్నని దుమ్ము నీలి వెలుగును సూర్యుడి దిక్కునుంచి మనవైపుకు ఎక్కువగా రానివ్వడమే దీనికి కారణం. మన సంధ్య ఎరుపు, వాళ్ళ సంధ్య నీలం. సూర్యుడు కూడా మనకు కనిపించేదానిలో మూడింట రెండు వంతులే వుంటాడు. అంగారకుడికి రెండు చందమామలు వున్నాయి గదా అని రెండు పెద్ద పళ్ళేలు వేలాడదీస్తారు కొందరు. అక్కడినుంచి చూస్తే ఫోబోస్ మన చందమామలో సుమారు మూడో వంతు వెడల్పే. డీమోస్ అయితే మెరిసే చుక్కలాగా వుంటుందంతే. సైన్సు నవల చదివేవారు ఇటువంటివి ఇట్టే పట్టేస్తారు సుమండీ!

పేరు కోసం ఆకాశంలో చోటు వదిలిపెట్టాలి. మామూలు డెమ్మీ సైజు, అంటే అయిదున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర అంగుళాల అట్టకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున 1650కి 2550 చుక్కల బొమ్మ కావాలి. అంచులు కత్తిరిస్తారు కనుక చుట్టూ ఇంకొంచెం ఎక్కువ వుంచాలి. అంతా అయ్యాక బొమ్మను తపాలా బిళ్ళంత చేసి చూడండి. అప్పుడూ మనిషీ, తులసికోటా తెలుస్తున్నాయంటే అట్ట కుదిరినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఫోటోలో మనిషి ఎవరు? ఎవరి ఫోనులోనో దొరికిన ముఖం తీసుకుని అట్టమీద వెయ్యడం తప్పు. ఏ పుస్తకానికో, ఎలా వాడతారో చెప్పి, ఆమె ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోవాలి.

ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, అట్ట చేసే కత్తెరే ఆడపిల్లల ఫోటోల మీదికీ వస్తోంది. పుస్తకం మీద అతుకు అబద్ధం కాదు, అది కల్పన అని అందరికీ తెలుసు. అదే నిజమని చెప్పి చూపించినప్పుడు మోసమవుతుంది. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ గ్రామంలో ఇద్దరు అమ్మాయిలు కాగితం మీద దేవకన్యల బొమ్మలు వేసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి ఫోటో తీశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మేశాడు! అవి కాగితపు బొమ్మలని వాళ్ళు ఒప్పుకునేసరికి 1983 వచ్చింది.

ఒక్కోసారి ఫోటో నిజమే అయినా మాట తప్పుతుంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు, పట్టుచీరలు కట్టుకుని పూలు పెట్టుకున్న ఇస్రో స్త్రీల ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వాళ్ళు శాస్త్రవేత్తలని అందరూ అనుకున్నారు. ఫోటోలో వున్నది కార్యాలయ సిబ్బంది అని ఇస్రో తర్వాత చెప్పింది. ఆ ప్రయోగానికి పనిచేసిన మహిళా శాస్త్రవేత్తలు మాత్రం నిజంగానే వున్నారు.

అందుచేత ఫోనులో అనుమానమైన ఫోటో వస్తే, అట్ట చేసేవారి కళ్ళతో చూడండి. వెలుగు ఎటునుంచి వస్తోంది? మనిషి ఎత్తు పరిసరాలకు సరిపోయిందా? కాళ్ళ కింద నీడ వుందా? ఈ రోజుల్లో కృత్రిమ మేధ చేసే బొమ్మల్లో ఇవి కూడా చాలావరకు కుదిరిపోతున్నాయి. కనుక నాలుగో ప్రశ్న కూడా వెయ్యాలి. ఇది మొదట ఎవరు పంపారు, ఎందుకు పంపారు? జవాబు తెలిసేదాకా ఇంకొకరికి పంపకండి. మన పిల్ల ముఖాన్నే ఎవరైనా అలా వాడుకుంటే, పిల్లను కసరకండి. ఆ సిగ్గు పిల్లది కాదు, అతికినవాడిది. వచ్చినదాన్ని చెరిపెయ్యకుండా సాక్ష్యంగా దాచి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. పిల్లకు ముందు ధైర్యం చెప్పవలసింది మనమే.